డీఎన్‌ఏను కోయకుండానే జన్యువును ఎలా ఆపుతారు? నాకౌట్ చేయాలా, క్రిస్పర్‌ఐ చేయాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చివరి సంవత్సరంలో ఉన్నారు. క్లాసులో క్రిస్పర్ అంటే డీఎన్‌ఏను కోసే కత్తెర అన్నారు. స్టాన్‌ఫర్డ్‌లోని స్టాన్లీ చీ పరిశోధన గురించి చదివితే మాత్రం, కోయకుండానే జన్యువులను ఆపొచ్చు, పెంచొచ్చు అని ఉంది. కోత లేకుండా అది ఎలా పనిచేస్తుంది, నాకౌట్ (జన్యువును కోసి పూర్తిగా పాడుచేయడం) కంటే ఇందులో లాభం ఏమిటి, ఇది ఎప్పటికైనా మందుగా వస్తుందా, మన సాంబ మసూరి కొత్త రకాన్ని కూడా ఇలాగే చేశారా, మీ ప్రాజెక్టుకు ఏది నయం అని అడిగారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. క్రిస్పర్‌లో ఆ కత్తెర కాస్9 అనే ప్రోటీన్. అది రెండు పనులు చేస్తుంది. గైడ్ ఆర్‌ఎన్‌ఏలో ఉన్న 20 అక్షరాలకు సరిపోయే చోటు వెతికి గట్టిగా పట్టుకోవడం ఒకటి, పట్టుకున్న చోట డీఎన్‌ఏ రెండు పోగులనూ కోయడం రెండోది. ఈ రెండో పని తీసేసినా మొదటి పని చెక్కుచెదరదు. మొత్తం 1368 అమైనో ఆమ్లాల్లో రెండే రెండు మారిస్తే చాలు: 10వ స్థానంలోని ఆస్పార్టిక్ ఆమ్లం, 840వ స్థానంలోని హిస్టిడిన్, ఈ రెండింటి బదులు అలనిన్ పెడతారు. అప్పుడది వెళ్లి కూర్చుంటుంది కానీ కోయదు. దాన్నే డీకాస్9 అంటాం. జన్యువు మొదలయ్యే చోట అది కూర్చుంటే జన్యువును చదివే ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ ముందుకు కదల్లేదు, ప్రోటీన్ తయారీకి కావాల్సిన నకలు, అంటే ఎంఆర్‌ఎన్‌ఏ, తయారవదు. ఇలా ఆపడాన్నే క్రిస్పర్‌ఐ అంటారు. పంట కాలువను తెగ్గొట్టడానికీ, తూములో పలక దించడానికీ ఉన్నంత తేడా ఇది. పలక ఎత్తేస్తే నీళ్లు మళ్లీ పారతాయి, సగం దించితే సగమే పారతాయి. మీ ప్రాజెక్టు విషయానికి వస్తే, జన్యువు పూర్తిగా లేకపోతే ఏమవుతుందో చూడాలంటే నాకౌట్ చేయండి, ఎంత ఉంటే ఏమవుతుందో చూడాలంటే క్రిస్పర్‌ఐ చేయండి.

ఇప్పుడు కొంచెం వెనక్కి వెళ్దాం. ఆ రెండు మార్పులు చేస్తే కాస్9 పట్టుకుంటుంది కానీ కోయదన్న సంగతి 2012లో జెన్నిఫర్ డౌడ్నా, ఎమాన్యుయెల్ షార్పెంటియే బృందాలు వేసిన పేపర్లోనే ఉంది. చాలామంది దాన్ని కోతకు కంట్రోల్ ప్రయోగంగా చూసి వదిలేశారు. చీ అప్పుడే బర్క్‌లీలో పీహెచ్‌డీ ముగించి యూసీఎస్‌ఎఫ్‌లో సొంతంగా చిన్న ల్యాబ్ మొదలుపెట్టాడు. డౌడ్నా, జొనాథన్ వైస్‌మన్, వెండెల్ లిమ్, ఆడమ్ ఆర్కిన్‌లతో కలిసి ఆ కోయని ప్రోటీన్‌నే అసలు పనిముట్టుగా వాడి చూశాడు. ఆ పేపర్ 2013 ఫిబ్రవరిలో 'సెల్' పత్రికలో వచ్చింది. ఈ. కోలై బ్యాక్టీరియాలో ఒక్క గైడ్‌తో జన్యువు పని 300 రెట్ల వరకు తగ్గింది, రెండు గైడ్లు కలిపితే 1000 రెట్ల దాకా వెళ్లింది. డీకాస్9ను తయారుచేయించే రసాయనం (ఇన్‌డ్యూసర్) తీసేస్తే జన్యువు మళ్లీ మామూలుగా పనిచేసింది.

అదే పేపర్లో మనిషి కణాల్లో వచ్చిన ఫలితం కూడా చదవండి, ఎందుకంటే అక్కడ తగ్గింది దాదాపు సగమే. మనుషుల్లో డీఎన్‌ఏ హిస్టోన్లనే ప్రోటీన్లకు చుట్టుకుని క్రోమాటిన్‌గా ఉంటుంది, జన్యువును మొదలుపెట్టించే ప్రమోటర్ అనే డీఎన్‌ఏ భాగం దగ్గర పదుల కొద్దీ ప్రోటీన్లు పనిచేస్తుంటాయి, ఊరికే అడ్డం కూర్చుంటే చాలదు. అందుకే కొన్ని నెలలకే వైస్‌మన్, చీ బృందాలు డీకాస్9 వెనక క్రాబ్ అనే ముక్క తగిలించాయి. ఇది మన కణాల్లో ఇప్పటికే వందలాది ప్రోటీన్లలో ఉన్న ముక్కే. అది ట్రిమ్28 అనే ప్రోటీన్‌ని, దాని వెంట హిస్టోన్‌ మీద మిథైల్ గుర్తులు పెట్టే ఎంజైములను పిలుచుకొస్తుంది, దాంతో ఆ చోట క్రోమాటిన్ బిగుసుకుపోతుంది. ఈ రోజు మనిషి కణాల్లో క్రిస్పర్‌ఐ అంటే దాదాపు అందరూ వాడేది ఈ క్రాబ్ ఉన్న రకమే. పెంచాలంటే క్రాబ్ బదులు వీపీ64, వీపీఆర్ లాంటి యాక్టివేటర్ తగిలిస్తారు, దాన్ని క్రిస్పర్‌ఏ అంటారు. డ్యూక్ యూనివర్సిటీలో చార్లెస్ గెర్స్‌బాక్ ల్యాబ్ 2015లో పీ300 ఎంజైము ముక్క తగిలించి ఎన్‌హాన్సర్ల (జన్యువు పనిని పెంచే, దూరంగా కూడా ఉండగల డీఎన్‌ఏ ముక్కల) దగ్గర నుంచి కూడా జన్యువును లేపగలిగింది.

మరి నాకౌట్ ఎందుకు చాలదు? నా దృష్టిలో అసలు ప్రశ్న ఇదే.

మొదటిది, లేకపోతే కణమే చచ్చిపోయే జన్యువులు. వాటిని నాకౌట్ చేస్తే మీకు చూడ్డానికి ఏమీ మిగలదు. క్షయ బ్యాక్టీరియాలో మంచి మందుకు లక్ష్యం కాగలిగినవి సరిగ్గా ఇవే. ఫరీదాబాద్‌లోని టీహెచ్‌ఎస్‌టీఐ అనే పరిశోధన సంస్థలో నిశీథ్ అగర్వాల్ బృందం 2015లో మైకోబ్యాక్టీరియాలో క్రిస్పర్‌ఐ పనిచేయించి చూపించింది. క్షయ మన దేశంలో ఎంత పెద్ద సమస్యో చెప్పక్కర్లేదు, అందుకే ఆ పేపర్ అంటే నాకు ప్రత్యేకమైన గౌరవం, మీరూ తప్పకుండా చదవండి.

రెండోది, కోత వల్ల వచ్చే గాయం. డీఎన్‌ఏ తెగిందంటే కణం దాన్ని ప్రమాదంగానే చూస్తుంది, కాపలా ప్రోటీన్ పీ53 లేస్తుంది, కణ విభజన ఆగుతుంది. క్యాన్సర్ కణాల్లో కొన్ని ప్రాంతాలకు పదుల కొద్దీ కాపీలు ఉంటాయి, అక్కడ గైడ్ పెడితే ఒకేసారి అన్ని చోట్లా తెగి కణం చచ్చిపోతుంది. అది చూసి 'ఈ జన్యువు చాలా ముఖ్యం' అనుకుంటే పప్పులో కాలేసినట్టే. క్రిస్పర్‌ఐలో ఈ గొడవ లేదు.

మూడోది, నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది, మోతాదు. చాలా జబ్బుల్లో జన్యువు పూర్తిగా పాడవదు. రెండు కాపీల్లో ఒకటి పోతుంది, మిగిలిన ఒక్క కాపీ తయారుచేసేది చాలదు. అలాంటప్పుడు బాగున్న కాపీ చేత ఎక్కువ పని చేయించగలిగితే? యూసీఎస్‌ఎఫ్‌లో నదవ్ అహితువ్ ల్యాబ్ 2019లో ఇదే చేసింది. సిమ్1 జన్యువు ఒక కాపీ లేక విపరీతంగా లావెక్కే ఎలుకల మెదడులోకి, హైపోథాలమస్ దగ్గరికి, క్రిస్పర్‌ఏను వైరస్‌లో పెట్టి పంపితే బరువు పెరగడం అదుపులోకి వచ్చింది. జన్యువులో ఒక్క అక్షరం కూడా మార్చలేదు.

ప్రోటీన్ తయారుచేయని ఆర్‌ఎన్‌ఏ జన్యువులు, ఎన్‌హాన్సర్ల మీద పనిచేసేవాళ్లకు కూడా ఇదే దారి. ఒకటి రెండు అక్షరాలు పోయినంత మాత్రాన వాటికి పెద్దగా ఏమీ అవదు.

ఇక ల్యాబ్‌లో చేయి పెట్టినప్పుడు ఎదురయ్యేవి. పేపర్లు చదివితే తెలియనివి ఇక్కడే ఉంటాయి.

గైడ్ పెట్టే చోటే సగం ప్రయోగం. నాకౌట్‌లో జన్యువు కోడింగ్ భాగంలో ఎక్కడో ఒకచోట తెగితే సరిపోతుంది. క్రాబ్ క్రిస్పర్‌ఐలో అలా కాదు, ట్రాన్‌స్క్రిప్షన్ (ఎంఆర్‌ఎన్‌ఏ తయారీ) మొదలయ్యే చోటుకు 50 అక్షరాల ముందు నుంచి 300 అక్షరాల తర్వాత వరకు, ఆ కిటికీ దాటితే పట్టు చాలా తగ్గిపోతుంది. క్రిస్పర్‌ఏకి 400 నుంచి 50 అక్షరాల ముందు. ఆ మొదలయ్యే చోటు మీ కణాల్లో ఎక్కడుందో డేటాబేస్ చెప్పేది ఒక్కోసారి తప్పు కావచ్చు, ఎందుకంటే చాలా జన్యువులకు రెండు మూడు ప్రమోటర్లు ఉంటాయి, లివర్ కణం ఒకటి వాడితే రక్తకణం ఇంకొకటి వాడుతుంది. మా దగ్గర ఒక జన్యువుకు అన్ని గైడ్లూ పెట్టినా ఎంఆర్‌ఎన్‌ఏ సగమే తగ్గేది. ప్రోటీన్లను సైజు వారీగా చూపే వెస్టర్న్ బ్లాట్ తీస్తే పై బ్యాండు పోయింది, దాని కింద కొంచెం చిన్న బ్యాండు మాత్రం నిక్షేపంలా ఉంది. రెండో ప్రమోటర్ నుంచి పొట్టి ప్రోటీన్ తయారవుతూనే ఉందన్నమాట. ట్రాన్‌స్క్రిప్షన్ ఎక్కడ మొదలవుతుందో చూపే కేజ్ డేటా చూసి ఆ ప్రమోటర్ మీద ఇంకో గైడ్ పెట్టాక రెండు బ్యాండ్లూ పోయాయి. కాబట్టి గైడ్ ఆర్డర్ చేసేముందు అలాంటి డేటా ఉన్న ఫాంటమ్5 డేటాబేస్‌లో మీ కణాలకు దగ్గరగా ఉన్న రకం ఒకసారి చూడండి.

పక్కింటి జన్యువును కూడా చూసుకోవాలి. మనుషుల్లో చాలా జన్యువులు జంటగా ఒకే ప్రమోటర్ ప్రాంతం నుంచి చెరో వైపుకీ వెళ్తాయి. మీరు ఒకదాన్ని ఆపితే క్రాబ్ రెండోదాన్నీ ఆపేస్తుంది. అప్పుడు కనిపించిన మార్పు ఏ జన్యువు వల్లో చెప్పలేం. దీనికి నమ్మకమైన మందు ఒకటే, మీ జన్యువు సీడీఎన్‌ఏను (ఎంఆర్‌ఎన్‌ఏ నుంచి చేసిన డీఎన్‌ఏ నకలును) వేరే ప్రమోటర్ కింద తిరిగి పెట్టి కణం మామూలు స్థితికి వస్తుందో లేదో చూడటం.

కొత్తగా చేరినవాళ్లకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇంకొకటి ఉంది. మా ల్యాబ్‌లో ట్రైనింగ్‌కి వచ్చిన వాళ్లకు మొదట జీఎఫ్‌పీ అనే ఆకుపచ్చగా వెలిగే ప్రోటీన్ ఉన్న కణాలు ఇచ్చి, దాన్ని క్రిస్పర్‌ఐతో ఆపమంటాను. ఒక అమ్మాయి రెండో రోజు మైక్రోస్కోప్ కింద ప్లేట్ పెట్టి చూస్తే ఆకుపచ్చ వెలుగు ఏమాత్రం తగ్గలేదు, గైడ్ పనిచేయలేదని ప్లేట్లు పారేయబోయింది. ఆగమని, అవే కణాల నుంచి ఆర్‌ఎన్‌ఏ తీయించి, అది ఎంత ఉందో కొలిచే క్యూపీసీఆర్ పెట్టిస్తే ఎంఆర్‌ఎన్‌ఏ దాదాపు లేదు. జన్యువు అప్పటికే ఆగిపోయింది. కానీ ముందే తయారైన జీఎఫ్‌పీ సగానికి తగ్గడానికే ఒక రోజు పైన పడుతుంది. కణాలు విభజన చెందేకొద్దీ పలచబడుతూ వారం చివరికి ప్లేటు నల్లబడింది. మీ ప్రోటీన్ ఎంతకాలం నిలుస్తుందో తెలియకుండా ఏ రోజు చూడాలో నిర్ణయించుకోకండి.

ఇంకో జాగ్రత్త. క్యూపీసీఆర్‌లో '50 శాతం తగ్గింది' అని వస్తే ప్రతి కణంలోనూ సగం తగ్గిందని అర్థం కాదు. సగం కణాల్లో పూర్తిగా ఆగి, మిగతా సగంలో అసలు ఆగకపోయినా అదే అంకె వస్తుంది. మోతాదు గురించి మాట్లాడాలంటే ఫ్లో సైటోమెట్రీలో ఒక్కో కణాన్నీ చూడాల్సిందే. కావాలని మధ్యస్థంగా ఆపాలంటే గైడ్‌లో ఒక అక్షరం తప్పుగా పెట్టి పట్టు సడలించే పద్ధతి ఉంది, వైస్‌మన్ బృందం 2020లో దీన్ని పెద్ద ఎత్తున చేసి చూపించింది.

మందు సంగతి. ఒక రకంగా మందు ఇప్పటికే వచ్చింది, కాకపోతే కోత ద్వారా. సికిల్ సెల్‌కు, బీటా థలసీమియాకు వచ్చిన క్యాస్‌జెవీ (2023 నవంబర్‌లో బ్రిటన్ రెండింటికీ, డిసెంబర్‌లో అమెరికా ముందు సికిల్ సెల్‌కు ఆమోదించాయి) పాడైన హీమోగ్లోబిన్ జన్యువును అసలు ముట్టుకోదు. బీసీఎల్11ఏ అనే జన్యువుకు ఎర్ర రక్తకణాల వంశంలో మాత్రమే పనిచేసే ఎన్‌హాన్సర్ ఉంది, దాన్ని కోస్తుంది. బీసీఎల్11ఏ తగ్గితే, పుట్టాక ఆగిపోయిన పిండ దశ హీమోగ్లోబిన్ మళ్లీ తయారవుతుంది. అంటే కోసినా, చేసింది ఒక జన్యువు పని తగ్గించి ఇంకో జన్యువును లేపడమే. అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు, దానికి ముందు మూలుగను ఖాళీ చేసే కీమోథెరపీ కూడా తప్పదు. ఆదిలాబాద్‌లోనో అల్లూరి జిల్లా ఏజెన్సీలోనో సికిల్ సెల్‌తో బాధపడే పిల్లలకు ఆ రూపంలో అది అందదు. శరీరంలోకి నేరుగా ఒక ఇంజెక్షన్‌గా ఇవ్వగలిగే దారి దొరకాలని నేను బలంగా కోరుకునేది అందుకే.

కోయకుండా చేసే మందులు ఇప్పుడిప్పుడే మనుషుల దాకా వచ్చాయి. చీ స్థాపకుల్లో ఒకడిగా ఉన్న కంపెనీ ఎఫ్‌ఎస్‌హెచ్‌డీ అనే కండరాల జబ్బును ఎంచుకుంది. ఎందుకు ఎంచుకున్నారో చూస్తే ఈ పద్ధతి బలం అర్థమవుతుంది. డక్స్4 అనే జన్యువు పిండం మొదటి రోజుల్లో కాసేపు పనిచేసి తర్వాత నిద్రపోవాలి. నాలుగో క్రోమోజోమ్ చివర అది డీ4జెడ్4 అనే ముక్కల్లో వరసగా ఉంటుంది. మామూలు మనిషిలో 11 నుంచి 100 దాకా ఉండే ఆ ముక్కలు 10కో అంతకంటే తక్కువకో పడిపోతే అక్కడి క్రోమాటిన్ వదులై, కండరంలో డక్స్4 మేల్కొని కణాలను చంపుతుంది. జన్యువు చెడిపోలేదు, పనిచేయకూడని చోట పనిచేస్తోంది. వరసగా ఉన్న ముక్కల్ని కోస్తే క్రోమోజోమ్ ఎన్ని చోట్ల తెగుతుందో ఊహించండి. ఆపేయడమే సరైన వైద్యం. ఈ మందు ట్రయల్ 2025లో న్యూజిలాండ్‌లో మొదలైంది. హెపటైటిస్ బి వైరస్ డీఎన్‌ఏను లివర్‌లో ఇలాగే నిద్రపుచ్చడానికి ట్యూన్ థెరప్యూటిక్స్ అనే ఇంకో కంపెనీ ట్రయల్ కూడా నడుస్తోంది.

అడ్డంకులు రెండు. ఒకటి సైజు. జన్యువులను కణాల్లోకి మోసుకెళ్లడానికి వాడే ఏఏవీ వైరస్‌లో పట్టేది దాదాపు 4700 అక్షరాలు. కాస్9 జన్యువు ఒక్కటే 4100 దాకా ఉంటుంది, ఇక క్రాబ్, ప్రమోటర్, గైడ్ ఎక్కడ పెట్టాలి? చీ ల్యాబ్ 2021లో కాస్‌మినీ అని 529 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్ తయారుచేసింది ఇందుకే. రెండోది నిలకడ. క్రాబ్ ఉన్నంతకాలమే జన్యువు ఆగుతుంది, అది పోతే సాధారణంగా తిరిగి లేస్తుంది. వైస్‌మన్, ల్యూక్ గిల్బర్ట్ బృందం 2021లో చేసిన క్రిస్పర్‌ఆఫ్‌లో క్రాబ్‌తో పాటు డీఎన్‌ఏకే మిథైల్ గుర్తు వేసే ఎంజైములు ఉంటాయి. కొన్ని రోజులు ఉండి అది మాయమైనా గుర్తు 450 విభజనల దాకా నిలిచింది. మిలాన్‌లో ఆంజెలో లొంబార్డో బృందం 2024లో ఎలుకల లివర్లో కొలెస్ట్రాల్‌ను పెంచే పీసీఎస్‌కే9 జన్యువును ఒక్క డోసుతో ఆపితే దాదాపు ఏడాది పాటు సగం మేర తగ్గే ఉంది. అయితే అక్కడ బాగా పనిచేసింది డీకాస్9 కాదు, డీఎన్‌ఏను పట్టుకునే ఇంకో రకం ప్రోటీన్లు, పాతకాలపు జింక్ ఫింగర్లు. ఏ పనికి ఏ ప్రోటీన్ బాగుంటుందో ఇంకా పోటీ సాగుతోంది, కాబట్టి ఒకే పేరు పట్టుకుని కూర్చోవద్దు.

సాంబ మసూరి గురించి అడిగారు కదా. రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ (ఐఐఆర్‌ఆర్) తెచ్చిన డీఆర్‌ఆర్ ధాన్ 100, అదే 'కమల', 2025 మేలో ప్రకటించారు. అందులో సైటోకైనిన్ అనే మొక్క హార్మోన్‌ను విరగ్గొట్టే సీకేఎక్స్2 జన్యువును ఎడిట్ చేశారు, దాంతో కంకికి గింజలు పెరుగుతాయి. అది కోత పద్ధతే, క్రిస్పర్‌ఐ కాదు. పంటల్లో ఇలాగే ఎందుకు చేస్తారంటే, కోసిన తర్వాత పనిముట్టును మొక్క నుంచి తీసేయొచ్చు. పరాయి డీఎన్‌ఏ మిగలని ఇలాంటి రకాలకు 2022 మార్చిలో కేంద్రం జీఎం నిబంధనల నుంచి మినహాయింపు ఇచ్చింది. క్రిస్పర్‌ఐ అయితే డీకాస్9 జన్యువు మొక్కలో ఉండిపోవాలి, అప్పుడది జీఎం పంటే అవుతుంది. పంటలో మోతాదు మార్చాలంటే ప్రమోటర్‌లో అక్కడక్కడా కోయడం మంచి దారి. కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో జాకరీ లిప్‌మన్ 2017లో టమాటాలో ఇలా చేసి రకరకాల సైజుల కాయలు తెప్పించాడు.

చివరగా మీ ప్రాజెక్టు. ఒక సెమిస్టర్లో, తక్కువ ఖర్చులో అవ్వాలంటే మనిషి కణాల జోలికి వెళ్లకండి, ఈ. కోలైలో లాక్‌జెడ్ జన్యువును (ఎక్స్‌గాల్‌ను నీలం చేసే ఎంజైము జన్యువును) ఆపండి. చీ తయారుచేసిన రెండు ప్లాస్మిడ్లు, అంటే చిన్న డీఎన్‌ఏ వలయాలు (ఒకదాంట్లో డీకాస్9, ఇంకోదాంట్లో గైడ్), ప్లాస్మిడ్లు పంపిణీ చేసే అడ్‌జీన్ సంస్థలో దొరుకుతాయి. డీహెచ్5ఆల్ఫా రకం ఈ. కోలై వాడకండి, అందులో పనిచేసే లాక్‌జెడ్ ముందే ఉండదు, ఎంజీ1655 రకం తీసుకోండి. ఎక్స్‌గాల్, ఐపీటీజీ ప్లేట్ల మీద, ఇన్‌డ్యూసర్ ఏటీసీ మోతాదు పెంచుకుంటూ పోతే కాలనీల నీలం రంగు మెల్లగా వెలిసిపోవడం కంటితోనే కనిపిస్తుంది, అంకెలకు, ఆ ఎంజైము ఎంత పనిచేస్తోందో కొలిచే ఓఎన్‌పీజీ పరీక్ష చేయండి. ఏటీసీకి వెలుగు పడదు, సీసాకు ఫాయిల్ చుట్టండి. మరీ ఎక్కువ వేస్తే డీకాస్9 విషంలా మారి కణాలే నెమ్మదిస్తాయి, కాబట్టి ఏ జన్యువునూ పట్టుకోని గైడ్ ఉన్న కంట్రోల్ తప్పనిసరి. లాక్‌జెడ్ ఆగితే అదే ఆపరాన్‌లో (ఒకే ఎంఆర్‌ఎన్‌ఏగా చదవబడే జన్యువుల వరసలో) దాని వెనక ఉన్న లాక్‌వై, లాక్‌ఏ కూడా ఆగుతాయని రిపోర్టులో రాయండి, వైవాలో తప్పకుండా అడుగుతారు. కోడింగ్ భాగంలో గైడ్ పెడుతున్నట్టయితే అది నాన్‌టెంప్లేట్ పోగును పట్టుకునేలా ఉండాలి, రెండో పోగు మీద పెడితే పాలిమరేజ్ చాలావరకు దాటుకుని వెళ్లిపోతుంది. గైడ్లు రాసుకున్నాక వాటి 20 అక్షరాలూ ఇక్కడ పెట్టండి, ఏ పోగు మీద పడుతున్నాయో చూసి చెప్తాను.